అర్దాస్‌లో అడిగే బిబేక్ దాన్



అర్దాస్‌లో చేతులు జోడించి నిలబడినప్పుడు మనం గురువు దగ్గర కొన్ని దానాలు అడుగుతాం. సిక్ఖీ అడుగుతాం, కేశాలు నిలవాలని అడుగుతాం, రహత్ అడుగుతాం. ఆ వెంటనే బిబేక్ దాన్ అడుగుతాం. విశ్వాసం, భరోసా ఆ తరువాత వస్తాయి. అన్నిటికంటే పెద్ద దానమైన నామ్ చివర వస్తుంది. ఈ వరుస మన పిల్లలకు కూడా నోటికి వచ్చు. కానీ ఒక్క సంగతి గమనించండి. బిబేక్ ముందు, భరోసా తరువాత. ముందు మంచిచెడ్డలు తెలుసుకునే చూపు ఇవ్వు, ఆ పైన నమ్మే మనసు ఇవ్వు అని అడుగుతున్నాం. మన ఇళ్ళలో జరుగుతున్నది చాలాసార్లు దీనికి తిరగబడి ఉంటుంది. ముందు నమ్మేస్తాం, మునిగాక ఆలోచిస్తాం.

బిబేక్ అంటే తెలుగులో వివేకం. మాట ఒకటే, పలికే తీరు వేరు. పాలనూ నీళ్ళనూ విడదీసే హంస పోలిక గుర్బాణీలో ఉంది, తెలుగు పెద్దల నోట కూడా ఉంది. తెలివితేటలు ఉన్నవాళ్ళందరికీ బిబేక్ ఉంటుందని అనుకోవద్దు. దొంగ తాళం తీసేవాడికి కూడా తెలివి ఉంటుంది, చేతిలో పనితనం ఉంటుంది. ఏ తాళం తీయాలి, ఏ తాళం జోలికి పోకూడదు అని తెలిసి ఉండడం బిబేక్. తాళాల పని చేసే మన బిరాదరీకి ఇది వేరే చెప్పాలా?

మన పేరు చూడండి. సిక్లీగర్ అనే మాట ‘సైకల్’ అనే అరబ్బీ మాట నుంచి వచ్చింది. సైకల్ అంటే ఇనుముకు పట్టిన తుప్పు వదిలించి మెరుగు పెట్టడం. తుప్పు ఎక్కడ ఉందో, కింద మంచి లోహం ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టే కన్ను ఉన్నవాడే సైకల్ పట్టగలడు. ఆ కన్ను లేనివాడు తుప్పుతో పాటు కత్తిని కూడా అరగదీస్తాడు.

కొలిమి దగ్గర కూర్చున్న ఏ పెద్దాయనను అడిగినా చెబుతాడు. పాత ఇనుప సామాను కొట్టులో నుంచి రెండు ముక్కలు తెస్తాం. ఒకటి లారీ కమాను పట్టీ, ఒకటి మామూలు ఇనుప పట్టీ. తుప్పు పట్టి రెండూ ఒకేలా ఉంటాయి. గ్రైండర్ మీద పెడితే తేడా బయటపడుతుంది. కమాను పట్టీ నుంచి రవ్వలు చిట్లి చిట్లి పువ్వుల్లా విచ్చుకుంటాయి. మామూలు ఇనుము రవ్వలు గీతల్లా సాగి ఆరిపోతాయి. మొదటిదానితో కొడవలి చేస్తే రైతు నాలుగు పంటలు కోస్తాడు. రెండోదాన్ని ఎంత ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచినా పదును నిలవదు, ఎందుకంటే ఉక్కు అయ్యే గుణం అందులో లేదు. ముంచిన తరువాత ఇంకో పని ఉంది. మళ్ళీ సన్నని సెగ మీద పెట్టి రంగు చూడాలి. ఎండుగడ్డి రంగు వస్తుంది, తరువాత గోధుమ, ఆ తరువాత ఊదా, చివరికి నీలం. కత్తికి ఏ రంగు దగ్గర ఆపాలో, గొడ్డలికి ఏ రంగు దగ్గర ఆపాలో చేతికి తెలుసు. ముందే ఆపితే అంచు పెళుసై పెచ్చు లేస్తుంది. ఆలస్యం చేస్తే అంచు మెత్తబడి వంగిపోతుంది. ఒక్క లిప్తకాలంలో తీసుకునే నిర్ణయం అది. బడికి పోని మన తాతలు ఇంత సూక్ష్మమైన బిబేక్‌ను చేతుల్లో పెట్టుకుని ఊరూరా తిరిగారు. మనకు బుద్ధి లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ బుద్ధి దుకాణం దగ్గర ఉంది. ఇంటికి వచ్చేసరికి, సంతకం పెట్టేటప్పుడు, ఫోన్‌లో ఎవరి మాటో వినేటప్పుడు ఎక్కడికి పోతోందన్నదే మన ప్రశ్న.

గురు నానక్ సాహిబ్‌కు పనివాళ్ళ కొలిమి బాగా తెలుసు. జపుజీ సాహిబ్ చివరి పౌడీ, అంటే 38వ పౌడీ, ఒక టంకసాల చిత్రం. అందులో కొలిమి ఉంది, తిత్తి ఉంది, నిప్పు ఉంది, ఓర్పు అనే కంసాలి ఉన్నాడు. మన పనిముట్లు రెండింటికి గురు సాహిబ్ ఇచ్చిన అర్థం చూడండి. జ్ఞానాన్ని సమ్మెటతో పోల్చారు. బుద్ధిని దాగలితో పోల్చారు. గుర్ముఖీలో దాని పేరు అహరణ్. సమ్మెట ఎగిరి పడుతుంది, చప్పుడు చేస్తుంది, అందరి కళ్ళూ దాని మీదే. దాగలి కదలదు. దాగలి కదిలితే ఎంత మంచి సమ్మెట అయినా దెబ్బ వంకర పోతుంది. ఈ కాలంలో సమ్మెటలకు కొదవ లేదు. ఫోన్ తెరిస్తే వంద మంది ఉపదేశం చేస్తారు, వార్త చెబుతారు, మందు చెబుతారు, లాభం చెబుతారు. ఆ దెబ్బలన్నీ పడే చోట మన మతి స్థిరంగా ఉందా? అర్దాస్‌లోనే ఇంకో కోరిక కూడా ఉంది. మనసు వినయంతో కిందికి వంగి ఉండాలని, బుద్ధి మాత్రం పైన ఉండాలని కోరుకుంటాం. మనం కొన్నిసార్లు బుద్ధిని కూడా వంచేసి దాన్నే వినయం అనుకుంటాం. పెద్దమనిషి చెప్పాడు, మనమెవరం అడగడానికి అంటాం. గురు సాహిబ్ అలాంటి వినయం అడగలేదు. సారంగ్ రాగం వార్‌లో గురు నానక్ సాహిబ్ చెప్పిన భావం ప్రకారం సేవ చేసినా, చదివినా, చివరికి దానం ఇచ్చినా బుద్ధితోనే చెయ్యాలి. ధర్మం చేసే చేతికి కూడా ఆలోచన ఉండాలన్నారంటే ఇంక అప్పు తెచ్చే చేతికి ఎంత ఉండాలి!

ఇప్పుడు బజారుకు వద్దాం.

రోడ్డు పక్క తాళం చెవుల బండి పెట్టుకున్న మన తమ్ముడి దగ్గరకు ఒకడు వస్తాడు. చేతిలో చెవి ఉండదు. సబ్బు ముక్క మీద చెవి అచ్చు ఉంటుంది. “అసలు చెవి మా ఆవిడ దగ్గర ఉంది, ఊరెళ్ళింది, డబ్బులు ఎంతైనా పర్వాలేదు” అంటాడు. మామూలుగా వచ్చేదానికి ఐదింతలు ఇస్తానంటాడు. ఆ ‘ఎంతైనా పర్వాలేదు’ అన్న మాట దగ్గరే ఆగాలి. నిజాయితీగా వచ్చినవాడు బేరం ఆడతాడు. పది రూపాయలు తగ్గించమని పది నిమిషాలు నిలబడతాడు, మన ప్రాణం తీస్తాడు. అతను మంచివాడు. ఇంటికి పిలిచి తలుపు తీయమంటే, ఆ ఇల్లు అతనిదేనని పక్కింటివాళ్ళను ఒక మాట అడిగితే తప్పేముంది? అడిగినందుకు కోపం వచ్చేవాడి తలుపు మనం తీయకపోతే నష్టం లేదు.

ఇంతకంటే బరువైన బేరం ఒకటి ఉంది. దాని గురించి గురుద్వారాలో స్టేజీ మీద ఎవరూ మాట్లాడరు. మేము ఇక్కడ రాస్తున్నాం, ఎందుకంటే మన యువకుల జీవితాలు దాని మీద ఆధారపడి ఉన్నాయి. మధ్యప్రదేశ్ నిమాడ్ వైపు మన బిరాదరీ పేరు పత్రికల్లో నాటు పిస్తోళ్ళ కేసులతో కలిసి వస్తూ ఉంటుంది. అక్కడ బస్తీల్లో పొద్దున్నే లేచి బాల్టీలు, పెట్టెలు, కొడవళ్ళు చేసుకుని బతికే కుటుంబాలే ఎక్కువ. అయినా ఆ కేసుల మచ్చ అందరికీ అంటుకుంది. మన వైపు కూడా అలాంటి బేరగాళ్ళు రారని ఎవరు చెప్పగలరు? వాళ్ళు వచ్చి ముందు డబ్బు మాట ఎత్తరు. పొగుడుతారు. “మీ తాతలు గురువుగారి ఫౌజ్‌కు ఆయుధాలు చేసినవాళ్ళు కదా, మీ చేతుల్లో ఆ కళ ఉంది కదా” అంటారు. మన గర్వాన్నే గాలంగా వేస్తారు.

ఇక్కడ బిబేక్ కావాలి. గురు హర్‌గోబింద్ సాహిబ్ 1606లో మీరీ, పీరీ అని రెండు ఖడ్గాలు ధరించారు. మన పెద్దలు ఆ గురు ఘరానికి ఆయుధాలు చేశారని, ఆనంద్‌పూర్‌లో దశమ పాతషాహికి చేశారని తరతరాలుగా చెప్పుకుంటున్నాం, చెప్పుకోవలసిందే. ఆ ఆయుధం ఎవరి కోసం ఎత్తారో ఊరందరికీ తెలుసు. పగటిపూట, నిషాన్ సాహిబ్ కింద, పేరు చెప్పి ఎత్తారు. ఇవాళ చీకటి పడ్డాక వచ్చి తన పేరు కూడా చెప్పనివాడు ఆ ఆయుధంతో ఎవరి ఇంటి దీపం ఆర్పుతాడో మనకు తెలుసా? గురు ఘరం పనికి, ఈ పనికి పోలిక తెచ్చేవాడు మన చరిత్రను అవమానిస్తున్నాడు. చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. కిర్పాన్ ధరించడం సిక్ఖు మతాచారంలో భాగమని భారత రాజ్యాంగం 25వ అధికరణంలోనే ఉంది. అది మన హక్కు, దానికి ఎవరికీ భయపడక్కర్లేదు. లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడం వేరు. 1959 ఆయుధాల చట్టానికి 2019లో సవరణ వచ్చాక దానికి కనీసం 7 ఏళ్ళ జైలు, యావజ్జీవం దాకా పడవచ్చు. ఐదారు వేలు చేతిలో పెట్టినవాడు ఆ 7 ఏళ్ళు మన పిల్లలకు అన్నం పెట్టడు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. సంచిలో చేపల కత్తులు పెట్టుకుని సంతకు పోయే కుర్రాణ్ణి తలపాగా చూసి ఆపి, దొంగను అడిగినట్టు అడిగే సందర్భాలు ఉన్నాయి. అది అన్యాయం. దానికి కూడా బిబేక్‌తోనే ఎదురు నిలవాలి. చిన్న బిల్లు పుస్తకం పెట్టుకోవడం, పెద్ద ఆర్డరు ఇచ్చినవాడి పేరు, ఊరు రాసుకోవడం, పనివాడిగా గుర్తింపు కాగితం సంపాదించడం మన చేతిలో ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులు ఉన్నాయి. వాటిలో కమ్మరి పని ఉంది, తాళాల పని ఉంది, ఆయుధాలు చేసేవారి పేరు కూడా ఉంది. పేరు నమోదైతే సర్టిఫికెట్, గుర్తింపు కార్డు ఇస్తారు. పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం ఉంది. తాకట్టు లేకుండా మొదటి విడత లక్ష రూపాయల దాకా అప్పు, వడ్డీ ఏడాదికి నూటికి 5 రూపాయలు.

ఆ 5 రూపాయలు ఏడాదికి అని మళ్ళీ చదవండి. నెలకు లెక్కిస్తే నూటికి అర్ధరూపాయి కూడా పడదు. ఇప్పుడు మన గల్లీలోకి మోటారు సైకిల్ మీద వచ్చే డైలీ ఫైనాన్స్ లెక్క చూద్దాం. 10,000 అని రాయించుకుని, 1,500 ముందే పట్టుకుని 8,500 చేతికి ఇస్తాడనుకోండి. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. “పదిహేను శాతమేగా” అంటాడు. కానీ మొదటి రోజు నుంచే మనం అసలు తిరిగి కడుతూ ఉన్నాం. ఆ 8,500 మొత్తం మన దగ్గర 100 రోజులు లేదు. జాగ్రత్తగా లెక్క కడితే అది నెలకు నూటికి ఇంచుమించు 10 రూపాయల వడ్డీ అవుతుంది. 3 రూపాయల వడ్డీ అంటేనే గుండె గుభేలుమనే మనం, 10 రూపాయల వడ్డీని ‘రోజుకు వందేగా’ అని నవ్వుతూ తీసుకుంటున్నాం. రవ్వ చూసి ఉక్కును పట్టే కన్ను ఇక్కడ ఎందుకు మూసుకుపోతోంది? ఆడవాళ్ళ గ్రూపు లోన్ల సంగతి ఇంకో రకం. సంతకం ఇంటి బీబీది, నిర్ణయం ఇంకెవరిదో, వాయిదా రోజు గుమ్మం ముందు మాటలు పడేది మళ్ళీ ఆమే. సంతకం పెట్టే మనిషికి లెక్క మొత్తం చెప్పకుండా ఏ కాగితమూ ఇంట్లో సంతకం కాకూడదు. లంగర్లో పంగత్‌లో పక్క పక్కన కూర్చుంటాం కదా, లెక్క చూసేటప్పుడు కూడా అలాగే కూర్చుందాం.

సారా, తాయెత్తు, పెళ్ళికి పక్కవాణ్ణి చూసి చేసే ఖర్చు, వీటి గురించి సంగత్‌కు తెలియనిది లేదు. ఎక్కువ రాయడం లేదు. తాయెత్తు కట్టినవాడు జ్వరం తగ్గితే తన గొప్ప అంటాడు, తగ్గకపోతే మన నమ్మకం చాలలేదంటాడు. రెండు వైపులా తనే గెలిచే ఆటలో మనం ఎందుకు కూర్చోవాలి? పిల్లకు జ్వరం వస్తే అర్దాస్ చేద్దాం, ఆ వెంటనే ఆసుపత్రికి తీసుకుపోదాం.

నమ్మకం సంగతి వచ్చింది కాబట్టి బాబా మఖన్ షాహ్ లుబాణా సాఖీ చెప్పుకోవాలి. 1664లో గురు హర్‌క్రిషన్ సాహిబ్ జ్యోతిలో కలిసేటప్పుడు తదుపరి గురువు బకాలా గ్రామంలో ఉన్నారని సూచించారు. పేరు చెప్పలేదు. అంతే, బకాలాలో గద్దెలు వేసుకుని నేనే గురువునని కూర్చున్నవాళ్ళు 22 మంది తయారయ్యారు. మఖన్ షాహ్ వ్యాపారి. ఓడ ఆపదలో చిక్కుకున్నప్పుడు 500 మొహరీలు గురువుకు సమర్పిస్తానని మొక్కుకున్నాడు. బకాలాకు వచ్చి చూస్తే ఇదీ పరిస్థితి. ఆయన ఏం చేశాడు? ఎవరి గద్దె ఎత్తుగా ఉందో, ఎవరి చుట్టూ జనం ఎక్కువ ఉన్నారో చూడలేదు. ఒక్కొక్కరి ముందూ రెండేసి మొహరీలు పెట్టి చూశాడు. తీసుకుని దీవించారు. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియలేదు. చివరికి ఎవరితోనూ పోటీ పడకుండా ఒక ఇంట్లో భక్తిలో కూర్చున్న తేగ్ బహాదుర్ జీ దగ్గరకు వెళ్ళి అలాగే రెండు మొహరీలు పెట్టాడు. మొక్కుకున్న మిగతావి ఏవని ఆయన అడిగారు. మఖన్ షాహ్ ఇంటి కప్పెక్కి గురువు దొరికాడని ఊరంతా వినేలా అరిచాడు.

ఈ సాఖీలో మాకు నచ్చేది ఆ రెండు మొహరీలు. వ్యాపారి బుద్ధి అది. 500 ఒకేసారి పోయలేదు, చిన్నదానితో పరీక్షించాడు. ఇంకో మాట, 22 మంది దొంగలు కనిపించాక కూడా ‘అందరూ ఇంతే, గురువనేవాడే లేడు’ అని తిరిగి వెళ్ళిపోలేదు. మనలో కొందరు అన్నీ నమ్ముతారు, మోసపోయాక ఇంక దేన్నీ నమ్మరు. స్కీములో చేర్పిస్తానని కమీషన్ తిన్నవాడి మీద కోపంతో అసలు స్కీమునే వదిలేస్తారు. లోన్ వచ్చింది, ఓటీపీ చెప్పు అన్న ఫోన్‌కు అన్నీ చెప్పి, నిజంగా బ్యాంకు నుంచి వచ్చిన కాగితాన్ని చింపేస్తారు. నకిలీని పట్టుకోవడం సగం పని. అసలైనది దొరికేదాకా వెతకడం మిగతా సగం.

ఇక మమ్మల్ని నమ్మడం గురించి. మేము గ్రంథీ శిక్షణ తీసుకుని మీ బస్తీలకు వచ్చే సేవాదార్లం. నల్ల అక్షరాల్లో అచ్చయింది కదా అని, తాబ్యా మీద కూర్చున్నాడు కదా అని మా మాట పరీక్షించకుండా తీసుకోకండి. గురు గోబింద్ సింగ్ సాహిబ్ దక్షిణ దేశానికి ప్రయాణం చేస్తూ రాజస్థాన్‌లో నరైణా దగ్గర దాదూ సమాధి ముందు ఆగారని సాఖీ ఉంది. ఆయన బాణం వంచి ఆ సమాధికి నమస్కరించారు. సమాధులకు మొక్కవద్దని నేర్పిన గురువే అలా చేశారు. వెంట ఉన్న సింగ్‌లు ఊరుకోలేదు. గురువుగారిని నిలదీశారు, తన్ఖాహ్ విధించారు. 125 రూపాయలు అని సంప్రదాయంగా చెబుతారు. గురు సాహిబ్ సంతోషంగా కట్టారు. తన సిక్ఖులు మేలుకుని ఉన్నారా, కళ్ళు మూసుకుని వెనక నడుస్తున్నారా అని చూడడానికే అలా చేశారట. సాక్షాత్తు గురువును ప్రశ్నించిన ఖాల్సాకు వారసులం మనం. గురువు అలా ప్రశ్నించడాన్ని మెచ్చుకున్నారు కూడా.

ఆ ప్రయాణం మన దగ్గరే ఆగింది. మన వైపు నుంచి ఒక రాత్రి రైలు ఎక్కితే తెల్లారేసరికి చేరే నాందేడ్‌లో, గోదావరి ఒడ్డున, 1708లో గురు సాహిబ్ జ్యోతిలో కలిశారు. ఆ ముందు గురు గ్రంథ్ సాహిబ్ జీకి గురుగద్దె ఇచ్చారు. అప్పటి నుంచి మనకు ‘నా మాటే గురువు మాట’ అని చెప్పే హక్కు ఏ మనిషికీ లేదు. బాబాకు లేదు, జాత్ పంచాయతీ చౌధరీకి లేదు, మాకూ లేదు. షబద్ ఉంది, దాన్ని చదివి అర్థం చేసుకునే బుద్ధి మనకు ఇచ్చారు. అందుకే పిల్లలకు గుర్ముఖీ నేర్పమని ప్రతిసారీ ప్రాధేయపడుతున్నాం. తెలుగు బడిలో చదివే పిల్ల వారానికి రెండు సాయంత్రాలు కూర్చుంటే కొన్ని నెలల్లో పాఠ్ కూడబలుక్కుంటుంది. చదవలేనివాడికి అర్థం ఇంకొకడు చెప్పాలి. ఆ ఇంకొకడు ఎవరో మనకు ముందుగా తెలియదు.

ఈ కరపత్రంలో రాసిన వడ్డీ లెక్క పదో తరగతి చదివే మీ అమ్మాయి చేత మళ్ళీ కట్టించి చూడండి. చట్టం గురించి రాసింది మీకు తెలిసిన వకీలును అడగండి. సాఖీల గురించి సందేహం ఉంటే దీవాన్ అయ్యాక మమ్మల్ని నిలబెట్టి అడగండి. తెలుగులో అడిగినా, మన ఇంటి మాటలో అడిగినా సరే. ఆడవాళ్ళు వెనక కూర్చుని ఉండిపోకుండా ముందుకు వచ్చి అడగండి. లంగర్ గిన్నెలు కడగడం కాస్త ఆలస్యమైనా పర్వాలేదు, మేమూ చెయ్యి వేస్తాం.

వాహెగురూ జీ కా ఖాల్సా, వాహెగురూ జీ కీ ఫతెహ్.